డోర్సెట్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం, 4 రోజుల్లో ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

కోనసీమ_కుర్రాడు
మార్చి 9

అందరికీ నమస్కారమండి. మేం ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉంటాం, ఈ దేశం వచ్చి ఆరేళ్ళయింది. మే మూడో వారంలో అమ్మానాన్న అంబాజీపేట నుంచి మొదటిసారి వస్తున్నారు. లండన్, స్టోన్‌హెంజ్ అవన్నీ ఎలాగూ చూపిస్తాం కానీ మా నాన్నకి కోటలు మ్యూజియంల మీద పెద్ద ఆసక్తి ఉండదు, జీవితమంతా కొబ్బరితోటలో గడిపిన మనిషి, ఎక్కడికెళ్ళినా ముందు గుప్పెడు మట్టి తీసి నలిపి చూస్తారు, ఆ తర్వాతే మిగతా సంగతి. అందుకని ఆయనకి నేల, సముద్రం, పిట్టలు ఉండే చోటు చూపిద్దామని ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని డోర్సెట్ అనుకున్నాం. మేం ఇద్దరం కూడా ఇంతవరకు బోర్న్‌మత్ బీచ్ దాటి అటు వెళ్ళలేదు.

నెట్‌లో చూస్తే ఒక్కొక్కరు ఒక్కరోజులో పది చోట్లు తిరిగేసినట్టు రాస్తున్నారు. మా పరిస్థితి వేరు. నాన్నకి 68, మోకాళ్ళ నొప్పులు, చదును నేల మీద అయితే గంటసేపు హాయిగా నడుస్తారు, మెట్లు మాత్రం దిగలేరు. అమ్మ బాగానే నడుస్తుంది. పాపకి ఏడేళ్ళు, డైనోసార్ల పిచ్చి. కారు ఉంది.

నా డౌట్స్ ఏంటంటే, డర్డిల్ డోర్ అని సముద్రం ఒడ్డున రాతి తోరణం ఉంది కదా, ఫొటోల్లో చూస్తే చాలా మెట్లున్నట్టున్నాయి, నాన్న పైనుంచి చూసినా చాలా, లేకపోతే అసలు వెళ్ళడమే దండగా? రెండోది, ఫాసిల్స్ మనకి నిజంగా దొరుకుతాయా లేక అది షాపుల్లో కొనుక్కునే వ్యవహారమా, పాప ఇప్పట్నుంచే చిన్న సుత్తి కొనమని ప్రాణం తీస్తోంది. మూడోది, నేచర్ రిజర్వ్ అంటే మన దగ్గర నేలపట్టులాగా టికెట్ తీసుకుని టవర్ ఎక్కి చూడాలా, ఎలా ఉంటుంది? ఎక్కడ బస చేస్తే అన్నీ దగ్గరవుతాయో కూడా చెప్పండి. తొందరగా తిప్పడం నాకిష్టం లేదు, వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు, చూసింది గుర్తుండాలి.

---

పూల్_హార్బర్_అక్క
మార్చి 9

తమ్ముడూ, నేను పూల్‌లోనే తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా, హాస్పిటల్‌లో నైట్ డ్యూటీలు, డ్యూటీ దిగాక ఇంటికెళ్ళి పడుకోకుండా ఆర్న్ అనే నేచర్ రిజర్వ్‌కి వెళ్ళి గంటసేపు నడిచిన రోజులు లెక్కలేనన్ని, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. డోర్సెట్‌లో టైమ్‌టేబుల్ నువ్వు వేసేది కాదు, సముద్రం వేస్తుంది. ఏ రోజు ఏ టైమ్‌కి నీళ్ళు వెనక్కి వెళ్తాయో టైడ్ టేబుల్ చూసి దాన్ని బట్టి ప్లాన్ వేసుకో. హోటల్ బుక్ చేసే ముందే చూసుకో ఆ పని.

బస వేర్‌హామ్ చుట్టుపక్కల పెట్టుకో. అక్కణ్ణుంచి ఆర్న్ నాలుగు మైళ్ళు, లల్వర్త్ అరగంట, స్టడ్‌లాండ్ కూడా అంతే. ఫాసిల్స్ కోసం చార్‌మత్ వైపు వెళ్ళాలంటే మాత్రం గంట పైనే, దానికి ఒక రోజు విడిగా ఇచ్చేయ్.

రిజర్వ్ ఎలా ఉంటుందని అడిగావు. ఆర్న్ ఆర్‌ఎస్‌పీబీ అనే పిట్టల సంరక్షణ సంస్థ వాళ్ళది, కార్ పార్కింగ్, చిన్న కేఫ్, అక్కణ్ణుంచి బాటలు, అంతే. జీపులూ సఫారీలూ ఏమీ ఉండవు. నువ్వు నడుస్తావు, చుట్టూ హీత్‌లాండ్ ఉంటుంది, అంటే ఇసక నేల, మోకాలెత్తు హెదర్ పొదలు, మధ్యలో పసుపు పూలతో గోర్స్ అనే ముళ్ళ పొదలు, దూరంగా హార్బర్ నీళ్ళు. మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఇదేంటి బీడు భూమిలా ఉందనుకుంటారు, నేనూ అనుకున్నా. ఓ పది నిమిషాలు కదలకుండా నిలబడితే అప్పుడు తెలుస్తుంది అందులో ఎంత ఉందో. బ్రిటన్‌లో సొంతగా ఉండే పాముజాతులు, బల్లిజాతులు మొత్తం ఆరు, ఆ ఆరూ ఆర్న్‌లో ఉన్నాయి. మే నెల ఎండలో మగ సాండ్ లిజర్డ్ పక్కలు పచ్చగా మెరుస్తుంటాయి, మన తొండలాగే బాట పక్కన ఇసకలో చలికాచుకుంటూ కూర్చుంటుంది. సికా జింకలు అయితే మనుషుల్ని పెద్దగా పట్టించుకోవు, బాట పక్కనే మేస్తుంటాయి. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అని పొడుగు తోక బుల్లి పిట్ట గోర్స్ కొన మీద వాలి గరగరమని అరుస్తుంది, 1963 చలికాలానికి ఈ దేశంలో ఆ పిట్ట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, ఇప్పుడు ఈ పొదల్లో మళ్ళీ నిలదొక్కుకుంది.

ఇంకో సంగతి నాన్నగారికి తప్పకుండా చెప్పు. ఆస్ప్రే అని చేపలు పట్టే గద్ద ఉంటుంది, దాన్ని దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక్కటి మిగలకుండా చంపేశారు. 2017 నుంచి స్కాట్లాండ్ నుంచి పిల్లల్ని తెచ్చి పూల్ హార్బర్‌లో పెంచి వదిలారు. అవి శీతాకాలం ఆఫ్రికాకి వెళ్ళిపోతాయి, పిల్లలు మొదటిసారి వెళ్తే తిరిగొచ్చేసరికి రెండేళ్ళు పైనే పడుతుంది, వస్తాయో రావో తెలీదు. 2022లో ఒక జంట ఇక్కడే గూడు కట్టి పిల్లని పెంచింది, దాదాపు 180 ఏళ్ళ తర్వాత. ఆ ఏడాది మా వార్డులో పేషెంట్లు కూడా ఆ గూడు లైవ్ వీడియో చూసేవాళ్ళు. మే నెలలో అవి ఇక్కడే ఉంటాయి, హార్బర్ మీద చేపకోసం దూకడం చూసే అదృష్టం ఉందేమో చూడండి.

స్టడ్‌లాండ్, ఆర్న్ చుట్టుపక్కల హార్ట్‌లాండ్ మూర్, స్టబరో హీత్, ఇవన్నీ ఒకప్పుడు ముక్కలు ముక్కలుగా ఉండేవి, 2020లో కలిపి పర్బెక్ హీత్స్ అని ఒకే పెద్ద రిజర్వ్ చేశారు, 3,300 హెక్టార్లకి పైనే. కంచెలు తీసేసి ఆవులు, గుర్రాలు, పందులు వదిలారు మేయడానికి. రైతు మనిషికి ఇది అర్థమైనంతగా మనకి కాదు, పశువు మేస్తేనే ఆ నేల హీత్‌గా ఉంటుంది, మేపు ఆపేస్తే పదేళ్ళలో చెట్లు వచ్చేసి పైన్ అడవి అయిపోతుంది.

మెట్లు లేకుండా నాన్నగారికి సుద్ద కొండలు చూపించాలంటే ఓల్డ్ హ్యారీ రాక్స్. స్టడ్‌లాండ్ ఊళ్ళో కారు పెట్టి సుమారు మైలు దూరం, చాలావరకు చదునే, చివర్లో గడ్డి అంచు దాటితే తెల్లటి సుద్ద స్తంభాలు సముద్రంలో నిలబడి ఉంటాయి. పక్కన ఇంకోటి ఉండేది, ఓల్డ్ హ్యారీ భార్య అనేవాళ్ళు, అది 1896లో కూలిపోయింది. అంచున రెయిలింగ్ ఉండదు, పాప చెయ్యి వదలొద్దు, నిజంగా చెప్తున్నా.

స్టడ్‌లాండ్ బీచ్‌కి పెద్దవాళ్ళతో వెళ్తున్నావు కాబట్టి చెప్పాలి, నోల్ బీచ్‌కి ఉత్తరాన కొంత భాగం బట్టలు లేకుండా తిరిగేవాళ్ళకి కేటాయించింది, బోర్డులు ఉంటాయి. తెలీక నడుచుకుంటూ వెళ్ళిపోతే అమ్మానాన్న ఇబ్బంది పడతారు. నోల్ బీచ్ దగ్గరే ఆగిపోండి.

చివరిగా, టిక్స్, అంటే పిడుదులు. పొదల్లో, పొడుగు గడ్డిలో ఉంటాయి, లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు సాక్సులోకి దోపుకుని నడవండి, సాయంత్రం రూమ్‌కెళ్ళాక అందరి కాళ్ళు, మోకాళ్ళ వెనక, పాప జుట్టు దగ్గర చూసుకోండి. అమ్మ చీరలో నడుస్తారా, అయితే లోపల లెగ్గింగ్స్ వేసుకోమను.

---

గోదారి_లోయ_రాళ్ళు
మార్చి 10

అక్క తూర్పు వైపు అంతా చెప్పేశారు, నేను పడమర వైపు, అంటే ఫాసిల్స్ వైపు చెప్తాను. నాది ఎక్సెటర్, ఉద్యోగం వేరే అయినా చదివింది జియాలజీ, మా అబ్బాయితో కలిసి చార్‌మత్ ఒడ్డున ఎన్ని ఆదివారాలు గడిపానో.

దొరుకుతాయా అంటే దొరుకుతాయి బ్రదర్. షాపులో కొనక్కర్లేదు. కానీ సుత్తి కొనొద్దు. కొండ చరియని ఎవరూ కొట్టకూడదు, ఆ కొండ బురదరాయి, వానకి నాని ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలీదు, 2008 మేలో లైమ్ రీజిస్ పక్కన 400 మీటర్ల తీరం ఒక్కసారిగా జారి సముద్రంలోకి వచ్చేసింది. కొండ కిందికి వెళ్ళకుండా నీళ్ళ అంచున గులకరాళ్ళలో ఏరుకోవడమే. కొండ ఏం రాల్చాలో అదే రాలుస్తుంది, సముద్రం కడిగి పెడుతుంది, మనం వంగి తీసుకోవాలి అంతే. అలా ఒడ్డున విడిగా పడి ఉన్నవి తీసుకోవడానికి చార్‌మత్‌లో అభ్యంతరం లేదు, పెద్దది ఏదైనా అరుదైనది దొరికితే అక్కడ హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌లో చూపించి నమోదు చేయించాలని పద్ధతి. ఆ సెంటర్‌కి ఎంట్రీ ఫ్రీ, వాళ్ళే గైడెడ్ వాక్ నడుపుతారు, పాప కోసం అది ముందే బుక్ చేసుకోండి.

ఎలా వెతకాలంటే నడుస్తూ వెతకొద్దు. ఒక దుప్పటంత జాగా ఎంచుకుని చతికిలబడి కూర్చోండి. పెద్ద రాళ్ళు వదిలేసి, నల్లగా చిన్నగా బరువుగా ఉన్నవి చూడండి. పెన్సిల్ ములికిలా గుండ్రంగా మొన తేలి ఉంటే బెలెమ్నైట్, అది స్క్విడ్ లాంటి జీవి శరీరంలోని గట్టి భాగం, ఇవి గంటలో నాలుగైదు దొరకొచ్చు. చక్రంలా చుట్టలు తిరిగి ఉంటే అమ్మోనైట్, అది ఎప్పుడో అంతరించిన సముద్రజీవి గుల్ల. పైరైట్ అనే ఖనిజం పట్టి బంగారు రంగులో మెరిసేవి గోరంత సైజువి ఉంటాయి, పిల్లలకి కళ్ళు చురుకు కాబట్టి మనకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు. మా వాడు పట్టేది ఎప్పుడూ మొదటి అరగంటలోనే, నేను రెండు గంటలు కూర్చున్నా ఖాళీ చేతులే.

నీళ్ళు తగ్గుతూ ఉన్నప్పుడు వెళ్ళండి, ఎక్కడం మొదలెట్టేలోపు తిరిగొచ్చేయండి. చార్‌మత్ నుంచి లైమ్ రీజిస్ వైపు బ్లాక్ వెన్ అనే కొండ కింద పోటు వచ్చినప్పుడు దారి మూసుకుపోతుంది, వెనక బురద, ముందు సముద్రం. కొండ కింద బూడిదరంగు బురద కనిపిస్తే కాలు పెట్టొద్దు, మోకాలి దాకా దిగబడిపోతారు.

పాపకి మేరీ ఆనింగ్ గురించి చెప్పి తీసుకెళ్ళండి. 1799లో లైమ్ రీజిస్‌లో పుట్టింది, వడ్రంగి కూతురు, తండ్రి చనిపోయాక ఒడ్డున దొరికిన ఫాసిల్స్ అమ్ముకునే కుటుంబం. 1811లో అన్న జోసెఫ్‌కి ఒక పెద్ద పుర్రె దొరికింది, మరుసటి ఏడాది మిగతా ఒళ్ళంతా ఈ పిల్ల వెతికి బయటపెట్టింది, అప్పటికి పన్నెండేళ్ళు, అది ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం. 1823లో ప్లీసియోసార్ అనే పొడుగు మెడ సముద్ర సరీసృపం మొత్తం అస్థిపంజరం కూడా ఆవిడకే దొరికింది. ఇంత చేసినా జియలాజికల్ సొసైటీలో ఆడవాళ్ళకి చోటు లేదు, ఆవిడ ఎముకలు కొనుక్కున్న పెద్దమనుషులు వాళ్ళ పేర్లతో వ్యాసాలు రాసుకున్నారు, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆవిడ కుక్క ట్రే 1833లో కొండ జారి దాని కిందే పోయింది, ఆవిడ అడుగు దూరంలో తప్పించుకుంది. 2022లో లైమ్ రీజిస్‌లో విగ్రహం పెట్టారు, పక్కన కుక్క కూడా ఉంటుంది. ఆ విగ్రహం పెట్టాలని ముందుగా అడిగింది ఒక స్కూలు పిల్ల.

మీరు హైదరాబాద్ వెళ్ళినప్పుడు పాపకి బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించారా? మన గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలు అవి. అది, లైమ్ రీజిస్ రాళ్ళు, రెండూ జురాసిక్ తొలి కాలానివే. అక్కడ ఆ జంతువు గోదావరి పక్కన నేల మీద మేస్తున్న రోజుల్లో ఇక్కడంతా వెచ్చటి లోతులేని సముద్రం. పాపకి ఇలా చెప్పి చూడండి, కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది.

---

వేమత్_ట్రైన్
మార్చి 10

కారు లేనివాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతారు కదా అని రాస్తున్నా. నేను సౌతాంప్టన్‌లో స్టూడెంట్‌ని, మొత్తం డోర్సెట్ బస్సులూ రైళ్ళ మీదే తిరిగాను. వాటర్లూ నుంచి వేమత్ లైన్‌లో పూల్, వేర్‌హామ్, వూల్ స్టేషన్లు వస్తాయి, లల్వర్త్‌కి వూల్‌లో దిగాలి, అక్కణ్ణుంచి అయిదు మైళ్ళు, ఎండాకాలంలో బస్సు ఉంటుంది, చలికాలంలో బస్సులు చాలా తగ్గిపోతాయి కాబట్టి ముందు టైమింగ్స్ చూసుకోండి, నేను ఒకసారి ఆఖరి బస్సు పోయి చీకట్లో ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద వూల్ దాకా నడిచాను, చాలా భయమేసింది, ఎవరూ ఆ పని చేయొద్దు.

బ్రౌన్‌సీ ఐలాండ్ ఎవరూ చెప్పలేదేంటి? పూల్ కీ అనే రేవు నుంచి పడవ. ద్వీపంలో కార్లు లేవు. దేశంలో చాలా చోట్ల బూడిదరంగు ఉడతలు వచ్చి ఎర్ర ఉడతల్ని వెళ్ళగొట్టేశాయి, ఇక్కడ చుట్టూ నీళ్ళు కాబట్టి ఎర్రవి మిగిలాయి, సుమారు 200 ఉంటాయంటారు. 1907లో స్కౌట్ ఉద్యమం మొదలెట్టిన బేడెన్ పావెల్ మొదటి స్కౌట్ క్యాంప్ పెట్టింది ఇక్కడే, స్కూల్లో స్కౌట్స్‌లో చేసినవాళ్ళకి ఆ చోటు చూస్తే భలే అనిపిస్తుంది. ఉడతలు మాత్రం సెప్టెంబర్, అక్టోబర్‌లో బాగా కనిపిస్తాయి, మేలో ఆకులు దట్టంగా ఉంటాయి.

---

రాజోలు_రమ
మార్చి 11

డర్డిల్ డోర్ గురించి నా అభిప్రాయం. పెద్దవాళ్ళతో అయితే వద్దనే అంటాను. కిందటి ఏడాది మా అత్తగారిని తీసుకెళ్ళాం, కార్ పార్క్ నుంచి కిందికి దిగే బాట కంకరతో జారుడుగా ఉంది, దిగేటప్పుడు ఎలాగో దిగారు, ఎక్కేటప్పుడు మూడుసార్లు కూర్చోవాల్సొచ్చింది, అవతల జనం తోసుకుంటూ వెళ్తుంటే ఆవిడ నావల్ల మీకందరికీ ఇబ్బంది అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఒక ఫొటో కోసం పెద్దవాళ్ళ చేత ఆ మాట అనిపించకూడదు. ఆ పక్కనే లల్వర్త్ కోవ్ అనే గుండ్రటి చిన్న అఖాతం ఉంది, అక్కడ కార్ పార్క్ నుంచి నీళ్ళ దాకా తారు రోడ్డే, పది నిమిషాలు.

---

గోదారి_లోయ_రాళ్ళు
మార్చి 11

రమ గారూ మీరు చెప్పింది నిజమే కానీ పూర్తిగా వదిలేయమనను. కిందికి దిగనక్కర్లేదు, పైన గడ్డి మీదుగా కొంచెం దూరం నడిస్తే ఆ తోరణం కనిపిస్తుంది. పొద్దున్నే తొమ్మిదిలోపు వెళ్తే జనం ఉండరు. తిరుమలలో శిలాతోరణం చూసినవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, రాయి వేరు, వయసు వేరు, మన తిరుమల రాయి దీనికంటే ఎన్నో రెట్లు పాతది. ఇక్కడిది సున్నపురాయి, అసలు పడుకుని ఉండాల్సిన పొరలు నిటారుగా లేచి నిలబడ్డాయి, ఆఫ్రికా వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆల్ప్స్ పర్వతాలు లేచినప్పుడు దాని అలజడి ఇక్కడిదాకా వచ్చింది. ఆ ముడతలు కళ్ళారా చూడాలంటే లల్వర్త్ కోవ్ పక్కనే స్టెయిర్ హోల్ ఉంది, కార్ పార్క్ నుంచి రెండు నిమిషాలు, రాతి పొరలు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటాయి. అక్కడ గట్టి సున్నపురాయికి సముద్రం కన్నాలు పెట్టి వెనక మెత్తటి మట్టిని తినడం మొదలెట్టింది. అదే పని ముగిశాక ఎలా ఉంటుందో పక్కన గుండ్రటి కోవ్ చూస్తే తెలుస్తుంది. రెండూ పక్కపక్కనే చూడటం ముఖ్యం, ఒకటి చూసి రెండోది వదలొద్దు.

టైమ్ ఉంటే చెసిల్ బీచ్ కూడా. వెస్ట్ బే నుంచి పోర్ట్‌లాండ్ దాకా 18 మైళ్ళ గులకరాళ్ళ కట్ట, దాని వెనక ఫ్లీట్ అనే ఉప్పునీటి కయ్య. మన శ్రీహరికోట, పులికాట్ సరస్సు లాంటి అమరికే, అక్కడ ఇసక, ఇక్కడ రాళ్ళు. వెస్ట్ బే దగ్గర రాళ్ళు బఠాణీ గింజంత ఉంటాయి, పోర్ట్‌లాండ్ వైపు వెళ్ళేకొద్దీ పెరుగుతూ పిడికిలంత అవుతాయి. పాత రోజుల్లో చీకట్లో ఒడ్డుకి చేరిన జాలర్లు రాయి చేత్తో తడిమి ఎక్కడున్నామో చెప్పేవాళ్ళంటారు. అక్కడ నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, అడుగు వేయగానే లోతు, అల వెనక్కి లాగేస్తుంది. రాళ్ళు ఇంటికి తీసుకెళ్ళడం కూడా నిషేధం, చార్‌మత్‌లో ఫాసిల్స్‌కి ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు.

---

పూల్_హార్బర్_అక్క
మార్చి 12

ఒక విన్నపం అందరికీ. మనవాళ్ళు గ్రూపులుగా వచ్చినప్పుడు డిస్పోజబుల్ బార్బెక్యూలు తెస్తున్నారు. హీత్ మీద, అడవిలో అది వద్దు. 2020 మేలో వేర్‌హామ్ ఫారెస్ట్ తగలబడింది, 220 హెక్టార్లు, రోజుల తరబడి ఆర్పారు, కాలిన చోట చిన్న బార్బెక్యూ ట్రేలు దొరికాయి. పూల్‌లో మా కిటికీలోంచి ఆ పొగ కనిపించింది. బల్లులు, పాములు పరిగెత్తి తప్పించుకోలేవు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్ళండి, అన్నిటికంటే అదే హాయి.

---

కోనసీమ_కుర్రాడు
మే 27

అక్కా, అన్నా, రమ గారూ, అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్ననే తిరిగొచ్చాం, వెంటనే రాయకపోతే మర్చిపోతానని కూర్చున్నా.

మొదటి రోజు ఆర్న్. కారు దిగి రెండు నిమిషాలు నడిచామో లేదో నాన్న ఆగిపోయారు. ఏంటి నాన్నా అంటే ఎక్కడో కొబ్బరి కోరుతున్నార్రా అన్నారు. ఇక్కడ కొబ్బరేంటి అనుకున్నా, గాలి వచ్చినప్పుడు నాకూ వచ్చింది వాసన, అచ్చం పచ్చికొబ్బరి. గోర్స్ పూలవి! పూలు పసుపుగా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, ఎండకి వాసన ఇంకా ఎక్కువైంది. ముళ్ళ మధ్యలోంచి ఒక పువ్వు జాగ్రత్తగా తీసి అరచేతిలో నలిపి అమ్మకి చూపించారు, అమ్మ వాసన చూసి ఏమీ మాట్లాడకుండా ఆయన వైపు చూసి నవ్వింది. రీడింగ్‌లో మా ఇంటి వెనకే ఈ పొద ఉంది, ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా దాని దగ్గర ఆగలేదు. తర్వాత మట్టి తీసి చూసి, ఇది ఒట్టి ఇసక, ఎరువు వేస్తే ఈ మొక్కలన్నీ చచ్చిపోతాయి, పేదనేల కాబట్టే ఇవి బతుకుతున్నాయి అన్నారు. అక్కడ వాలంటీర్‌ని అడిగితే సరిగ్గా అదే చెప్పారు. సాండ్ లిజర్డ్ ఒకటి చూశాం, పాప చూసింది ముందు. ఆస్ప్రే కనపడలేదు. దూరంగా ఏదో పెద్ద పిట్ట తిరిగింది కానీ అదేనని చెప్పలేను.

రెండో రోజు లల్వర్త్, స్టెయిర్ హోల్, పొద్దున్నే ఎనిమిదిన్నరకి డర్డిల్ డోర్ పైనుంచి. నాన్న గడ్డి మీద కూర్చున్నారు, నేనూ పాపా కిందికి వెళ్ళొచ్చాం. రమ గారూ మీ మాట గుర్తుండి ఆయన్ని దిగమని ఒక్కసారి కూడా అనలేదు, ఆయనకీ దిగాలనిపించలేదు, పైనుంచే నీళ్ళ రంగు బాగా కనిపిస్తోంది, కింద మీకేం కనిపించింది అన్నారు. మూడో రోజు గాలి బాగా వీచింది, బ్రౌన్‌సీ వదిలేశాం, ఓల్డ్ హ్యారీ దాకా వెళ్ళి అంచుకి పదడుగుల దూరంలోనే ఆగిపోయాం.

నాలుగో రోజు చార్‌మత్. టైడ్ చూసుకుని పదింటికల్లా ఒడ్డున ఉన్నాం. అన్న చెప్పినట్టే దుప్పటంత జాగాలో కూర్చున్నాం. మా ఆవిడకీ నాకూ బెలెమ్నైట్ ముక్కలు మూడు దొరికాయి. అమ్మ మాతో పాటు కూర్చుని ఊరికే రాళ్ళు చేత్తో కదుపుతోంది, అలా కదుపుతూ ఒకటి తీసి చీర కొంగుతో తుడిచి, ఒరేయ్ ఇందులో చక్రం ఉందిరా అంది. బొటనవేలి గోరంత ఉంది. సన్నటి గీతలు, మధ్యలోకి చుట్టుకుంటూ వెళ్ళిపోయిన చుట్టలు, ఒక పక్క ఇత్తడిలా మెరుస్తోంది. మా ఇంట్లో తాతగారి నాటి సాలగ్రామం ఉంది, రోజూ దానికి అభిషేకం చేసేది అమ్మే, కాబట్టి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. గైడెడ్ వాక్‌లో ఉన్నావిడని అడిగితే నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో ఉండేదీ అమ్మోనైటే, అదీ జురాసిక్ కాలందే అని చెప్పారు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది, తర్వాత అయితే ఇక్కడా స్వామి ఉన్నాడన్నమాట అంది. పాప వెంటనే కాదు నానమ్మా అది సముద్రంలో ఈదేది, దానికి చేతులుండేవి అని మొదలెట్టింది. ఇద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు కార్ ఎక్కేదాకా.

ఇప్పుడు ఒక సందేహం. అమ్మ దాన్ని ఇండియాకి తీసుకెళ్ళనంది, దొరికిన చోటే ఉండాలి, మనవరాలి దగ్గర ఉండనీ అంది. కానీ వెళ్ళేలోపు రోజూ పొద్దున్న నీళ్ళతో కడిగి పువ్వు పెడుతోంది. దానికేం కాదు కదా?

---

గోదారి_లోయ_రాళ్ళు
మే 27

అయ్యో, కడగడం ఇవాళ్టి నుంచే ఆపమని చెప్పండి బ్రదర్. ఇత్తడిలా మెరుస్తోందన్నారు కదా, అది పైరైట్, తడి తగిలేకొద్దీ లోపల్నుంచి తెల్లటి పొడిలా రేగి కొన్నేళ్ళకి పొడైపోతుంది, మా అబ్బాయి మొదటిది అలాగే పోయింది, చాలా ఏడ్చాడు. ఒక్కసారి మంచినీళ్ళలో ఉప్పు పోయేలా నానబెట్టి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి, కొత్త బూట్ల డబ్బాల్లో వస్తుంది కదా అదే. పువ్వు డబ్బా మీద పెట్టుకోవచ్చు. ఇంట్లో సాలగ్రామం నల్లరాయి కాబట్టి తరాలపాటు రోజూ నీళ్ళు తట్టుకుంది, ఇది తట్టుకోదు అని అమ్మగారికి చెప్పండి, ఆవిడకి అర్థమవుతుంది.